కొత్త డిస్కులు వేసినా స్టీరింగ్ వణుకుతోందా? ముందు హబ్ చూడండి

మా హనుమకొండ కాలనీలో కారు బ్రేకుల పని ఇంటి ముందే చేసుకునేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. పని బాగానే చేస్తారు. కానీ నాలుగైదు నెలలకు ఎవరో ఒకరు వచ్చి అదే మాట అంటారు: "అన్నా, కొత్త డిస్కులు మళ్లా వంకరైనయే!"

నేను ముందు అడిగేది ఒకటే: "పాత డిస్క్ తీసినంక హబ్ ముఖం గీకినవా?" హబ్ అంటే డిస్కూ చక్రమూ బిగించే, వాటితోపాటు తిరిగే ఇనుప భాగం; డిస్క్ ఆనే దాని చదును వైపే ముఖం. జవాబు ఎప్పుడూ ఒకటే: "పైపైన బట్టతో తుడిచిన."

జాకీ ఎక్కడ పెట్టాలి, ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కిపట్టే క్యాలిపర్ ఎలా విప్పాలి లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను. కారు ఒక్క జాకీ మీదే ఉండగా చేతులు లోపల పెట్టకూడదనీ, విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు ఆయిల్ వచ్చే హోస్ మీద వేలాడదీయకూడదనీ తెలిసే ఉంటుంది. పని అయ్యాక ఏం తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది, ఏం చేయాలి అన్నదే ఇక్కడ చెబుతాను.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, కానీ మార్చిన వెంటనే కాదు

ముందు వణుకు ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోండి. డిస్కులు వేసిన రోజే వణికితే వీల్ నట్లు సరిగా బిగించలేదేమో, డిస్క్‌కూ హబ్‌కూ మధ్య ఏదైనా ఇరుక్కుందేమో చూడాలి. మూడు నాలుగు వేల కిలోమీటర్లు హాయిగా తిరిగి, ఆ తర్వాత 80, 100 వేగం మీద బ్రేకు వేసినప్పుడు వణుకు మొదలైతే, చాలాసార్లు కారణం హబ్ ముఖం మీది తుప్పే. ఈ ఆలస్యమే అందర్నీ మోసం చేస్తుంది. అన్ని రోజులు బాగున్నది ఇప్పుడు చెడింది కాబట్టి డిస్కే నాసిరకం అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని రెండు జతల డిస్కులు పోగొట్టుకున్నాను.

2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా కారు చక్రాలు సగం దాకా మునిగి రెండు రోజులు నీళ్లలో ఉంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదని ఊపిరి పీల్చుకున్నాను. హబ్ సంగతి తట్టనే లేదు. ఆ ఏడాది చివర్లో డిస్కులు, ప్యాడ్లు నేనే మార్చాను. ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లి వచ్చేదాకా బండి మెత్తగా ఆగింది. మార్చిలో హైదరాబాద్ వెళ్తూ కోమళ్ల టోల్ దగ్గర వంద మీద నుంచి బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతుల్లో గడగడలాడింది. డిస్కులు విప్పి లేత్ షాపులో స్కిమ్మింగ్ (పైపొర చెక్కి చదును చేయడం) చేయించాను. రెండు నెలలు బాగుంది, మళ్లీ వణుకు. ఇంకో కంపెనీవి, ఎక్కువ ఖరీదువి కొన్నాను. మళ్లీ అదే.

మూడోసారి విప్పినప్పుడు డిస్క్ వెనక్కి తిప్పి, హబ్‌కు ఆనే భాగం చూశాను. ఒక సగం మెరుస్తోంది. రెండో సగం మీద నెలవంక ఆకారంలో ఎర్రటి తుప్పు మరక. అంటే డిస్క్ హబ్ మీద చదునుగా కూర్చోలేదు, ఒక పక్క ఎత్తుగా ఉంది. లేత్ షాపు నుంచి, సన్నని ఊపును కూడా ముల్లుతో చూపే డయల్ గేజ్ అడిగి తెచ్చి కొలిస్తే డిస్క్ అంచు 0.12 మిల్లీమీటర్ ఊగుతోంది. హబ్ శుభ్రం చేసి, సరిగ్గా అలాంటి కొత్త డిస్క్ వేసి కొలిస్తే 0.03. డిస్క్ రకం అదే, తేడా హబ్ ముఖానిదే.

అంత పలుచని తుప్పు అంత పని ఎలా చేస్తుందో కాస్త లెక్క వేద్దాం. డిస్క్ ఆనే హబ్ ముఖం వెడల్పు సుమారు 140 మిల్లీమీటర్లు, డిస్క్ వెడల్పు 250 అనుకోండి. హబ్ అంచున ఒక పక్క 0.05 మిల్లీమీటర్ తుప్పు ఉంటే, డిస్క్ అంచు దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు 0.09 అవుతుంది. చాలా కార్లకు మాన్యువల్ ఒప్పుకునే గరిష్ఠ ఊపు 0.05 నుంచి 0.10 లోపే.

డిస్క్ ఇలా ఊగినా మొదట్లో మనకు తెలియదు, ఎందుకంటే క్యాలిపర్ తను జారే స్లైడ్ పిన్నుల మీద దాంతోపాటే కదులుతుంది. అసలు నష్టం బ్రేకు వేయనప్పుడు జరుగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ డిస్క్‌లో ఎత్తుగా వచ్చే చోటు ప్యాడ్‌కు రాసుకుంటూ పోతుంది. చిన్న కారు చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. ఐదు వేల కిలోమీటర్లకు పాతిక లక్షల సార్లు. అలా రాసుకుని రాసుకుని ఆ చోట్ల డిస్క్ పలుచబడుతుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ తేడా వస్తే చాలు, బ్రేకు వేసినప్పుడు క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వెనక్కీ ముందుకూ నెట్టబడి ఆ వణుకు స్టీరింగ్‌కు చేరుతుంది. అంటే డిస్క్ వేడికి వంగిపోలేదు. వంకరగా కూర్చుని, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగింది.

లేత్ మీద స్కిమ్మింగ్ చేయిస్తే ఎందుకు నిలవదో కూడా ఇందులోనే ఉంది. లేత్ మీద డిస్క్ దాని కేంద్రానికి సరిగ్గా బిగిస్తారు కాబట్టి చదును అవుతుంది. తెచ్చి అదే తుప్పు మీద కూర్చోబెడతాం. పైగా మందం తగ్గుతుంది. డిస్క్ మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచి, దానికంటే తక్కువైతే ఆ డిస్క్ పక్కన పడేయండి.

హబ్ శుభ్రం చేయడం అంటే

తుప్పుతో అతుక్కున్న పాత డిస్క్‌కు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. చాలా డిస్కులకు మధ్య భాగంలో బోల్టు ఎక్కేలా మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపడే బోల్టులు వేసి రెండూ కొద్దికొద్దిగా బిగిస్తే డిస్క్ తనంతట తనే పైకి లేస్తుంది. మళ్లీ వాడాలనుకునే డిస్క్‌ను అంచు మీద సుత్తెతో కొట్టకండి.

వైర్ బ్రష్‌తో రుద్దగానే ముఖం మెరుస్తుంది, పని అయిపోయిందని అనిపిస్తుంది. అప్పుడే ఆగకండి. వీల్ నట్లు ఎక్కే స్టడ్ బోల్టుల మొదళ్ల చుట్టూ బ్రష్ చేరదు, తుప్పు పెచ్చు అక్కడే మిగులుతుంది. నట్టు బిగించినప్పుడు ఒత్తిడంతా పడేదీ అక్కడే. స్టడ్ మీద వదులుగా పట్టే చిన్న ఇనుప పైపు ముక్క తీసుకుని, దాని అంచుకు ఎమెరీ పేపర్ అంటించి, స్టడ్ మీద తొడిగి తిప్పండి. ఒక్కో స్టడ్‌కు రెండు నిమిషాలు చాలు. హబ్ మధ్య బొడ్డు చుట్టూ ఉన్న మూల కూడా గీకండి. కటింగ్ చక్రం పెట్టిన గ్రైండర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. మనం తీయాల్సింది తుప్పు, ఇనుము కాదు.

తర్వాత గోటితో ముఖమంతా తడిమి చూడండి, ఎక్కడా తట్టకూడదు. పాత డిస్కే మళ్లీ వేస్తుంటే దాని లోపలి వైపు కూడా ఇలాగే చేయాలి. కాపర్ గ్రీజు మధ్య బొడ్డు అంచుకు పలుచగా రాస్తే చాలు. డిస్క్ ఆనే ముఖం మీద గ్రీజు కూడా ఒక పొరే, అక్కడ వద్దు.

ఇప్పుడు కొలవండి. డిస్క్‌ను వాషర్లు పెట్టి అన్ని నట్లతోనూ ఎదురెదురుగా సమానంగా బిగించండి. డయల్ గేజ్ అయస్కాంతాన్ని కదలని చోట అంటించి, సూదిని డిస్క్ అంచుకు ఒక సెంటీమీటర్ లోపల నిలువుగా ఆనించండి. మెల్లగా ఒక చుట్టు తిప్పి ముల్లు ఎంత కదిలిందో చూడండి. ఎక్కువ వస్తే డిస్క్ తీసి ఒక స్టడ్ పక్కకు జరిపి వేసి మళ్లీ కొలవండి. ఎత్తు చోటు డిస్క్‌తోపాటు జరిగితే తప్పు డిస్క్‌ది, హబ్ మీద పాత చోటే ఉంటే తప్పు హబ్‌ది. డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే ఏం కొనాలో తేలిపోతుంది. శుభ్రం చేశాక కూడా హబ్ ముఖమే ఊగుతుంటే బేరింగ్, హబ్ చూపించుకోవాలి.

గేజ్ లేకపోతే ఏం చేయాలని అడుగుతారు. కంటితో 0.05 కనబడదు, స్క్రూడ్రైవర్ ఆనించి చూస్తే తెలియదు. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపు ఉంటే ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. అదీ కుదరకపోతే కనీసం హబ్ మాత్రం ఒళ్లు దాచుకోకుండా గీకండి. సగానికి పైగా సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇంత చేసి చివర్లో పాడు చేసుకునేవాళ్లనూ చూశాను. చక్రం పెట్టి, ఒక పక్క నుంచి వరసగా నట్లు బిగిస్తారు. లేదంటే తర్వాతి వారం పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో ఒక నట్టు విపరీతంగా, ఒక నట్టు కొంచెంగా బిగిస్తారు. అప్పుడు డిస్క్ మళ్లీ ఒక పక్కకు లాగబడుతుంది, పాత కథ మొదలవుతుంది. నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించండి. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. పంక్చర్ అయితే "అన్నా, గన్ వద్దు, చేత్తో బిగించు" అని నిలబడి చెప్పండి.

ఒక ప్యాడ్ అరిగింది, ఇంకోటి కొత్తగానే ఉంది, లేదా బండి ఒక పక్కకు లాగుతోంది

స్లైడ్ పిన్నులు జామ్ అయ్యాయి. కొత్త ప్యాడ్లు వేస్తూ పిన్నులు బయటికి లాగి చూడనివాళ్లే ఎక్కువ. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే బండ్లకు పిన్ను మీది రబ్బరు తొడుగు (బూట్) చిరిగితే ఆ పొడి గ్రీజులో కలిసి ముద్దవుతుంది. పిన్ను చేత్తో నొక్కితే జారాలి. జారకపోతే తీసి, తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. కొన్ని కార్లలో రెండు పిన్నులు ఒకేలా ఉండవు, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. పిన్నులు బాగుండి కూడా చక్రం వేడెక్కుతుంటే పిస్టన్ పట్టేసినట్టే. దానికి సీల్ కిట్ వేయాలి.

పెడల్ లోపలికి పోతోంది

పిస్టన్ వెనక్కి నొక్కాక పెడల్ పంప్ చేయకుండానే బండి కదిలించారా? ఇది ప్రాణాల మీదికి తెచ్చే మరుపు. స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. పైపు విప్పకపోతే గాలి చేరే అవకాశం తక్కువ. పంప్ చేసినా మెత్తగానే ఉంటే బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీయడం) చేయించండి. బ్రేకు ఆయిల్ వేసి రెండేళ్లు దాటితే మార్చేయండి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీలకే మరగవచ్చు.

కీచుమంటోంది, గీసుకుంటోంది

ప్యాడ్ క్లిప్పులు పాతవే వేశారేమో, ప్యాడ్ వెనక పెట్టే పలుచని రేకు (షిమ్) మరిచారేమో చూడండి. కొత్త డిస్క్ మీద ఉన్న నూనె పొరను బ్రేక్ క్లీనర్‌తో తుడవకపోయినా ఇలాగే అవుతుంది. ఒకే శ్రుతిలో గీసుకుంటుంటే వెనక దుమ్ము రేకు వంగి తగులుతోంది, చేత్తో వంచితే సరి. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గరగర డిస్క్ మీది పలుచని తుప్పు వల్ల, దాన్ని పట్టించుకోకండి. ఏబీఎస్ మాడ్యూల్ పోయిందని, హోస్ లోపల వాచిందని ఎవరైనా భయపెడితే పైవన్నీ చూశాకే ఆ మాట వినండి. అవి అరుదు.

అన్నీ బిగించాక పొద్దున్నే ఖాళీగా ఉన్న రోడ్డు మీదికి తీసుకెళ్లండి. 60 నుంచి 20 దాకా మధ్యస్థంగా బ్రేకు వేసి వదలండి, అర నిమిషం నడిపి మళ్లీ వేయండి. ఎనిమిది, పది సార్లు చేయాలి. మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకండి. వేడి మీద ప్యాడ్ పదార్థం ఒకచోట అచ్చుపడితే, ఇంత కష్టపడి పోగొట్టిన వణుకు ఇంకో దారిలో వస్తుంది. ఇంటికొచ్చి చక్రాలు చల్లారాక నట్లు ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి.