చెనిక్కాయ చేనికి రాత్రి కావలి: కుక్కను ఏ దిక్కున కట్టాలి?
ఊడలు దిగి కాయ గట్టిపడే దశలో, అంటే విత్తిన రెండు నెలల నుంచి, అడవిపందుల బెడద ఎక్కువ. పొద్దుగూకాక ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి మేతకొస్తాయి. వానపడి పదునున్న రాత్రి మరీ జాగ్రత్త: మెత్తటి నేలను ముట్టెతో తేలిగ్గా పెళ్లగిస్తాయి. ఆ చెమ్మలో వాసన కూడా నిలుస్తుంది కాబట్టి కుక్క ముందే పసిగడుతుంది.

అనంతపురం పడమటిగాలి ఈడ్చికొట్టే రాత్రి చేనికి తూర్పు గట్టున కట్టండి, చేనంతా వాసన దానికే వస్తుంది. గాలి ఆగితే పల్లం వైపు మార్చాలి. చల్లగాలి వాలు వెంట కిందికి దిగుతుంది. రాత్రికి సగం సంగటే పెట్టండి, కడుపు నిండితే అదీ మనలాగే నిద్రపోతుంది. మిగతాది పొద్దున.

విప్పి పందిమీదికి మాత్రం ఉసిగొల్పొద్దు. కోరలతో కడుపు చీల్చేస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద అదీ వేటే.