వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షికకు స్టైల్ అంటకపోతే

సమస్య: రవీంద్రభారతిలో జరగబోయే సభ ప్రకటనను వెబ్‌సైట్‌లో పెట్టి, శీర్షిక రంగు మార్చడానికి ‘అడిషనల్ సీఎస్‌ఎస్’లో (పేజీ రూపాన్ని నిర్దేశించే కోడ్ రాసే చోటు) రూల్ రాశారు, అయినా శీర్షిక పాత రంగులోనే ఉంది.

కారణం: మరో రూల్ రాయబోయే ముందు, బ్రౌజర్‌లో శీర్షికపై రైట్‌క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ తెరిచి, మీ రూల్ అక్కడ ఉందో లేదో చూడాలి. అసలు లేకపోతే క్లాస్ పేరు (రూల్ దేనికి వర్తించాలో గుర్తుపట్టే పేరు) కలవలేదన్నమాట. సీఎస్‌ఎస్‌లో క్లాస్ పేరు ముందు చుక్క ఉండాలి, బ్లాక్ సెట్టింగుల్లోని ‘అడ్వాన్స్‌డ్’ గడిలో మాత్రం ఉండకూడదు. చాలామంది రెండుచోట్లా పెట్టేస్తారు. పేరు సరిగ్గానే ఉంటే, పై రూల్‌లో మూయని బ్రాకెట్‌ను వెతకాలి, క్యాష్‌ను (దాచి ఉంచిన పాత పేజీ కాపీని) ఖాళీ చేయాలి. రూల్ ఉండి, దానిపై అడ్డగీత కనిపిస్తే, థీమ్‌లోని (సైట్ రూపానికి వాడే రెడీమేడ్ నమూనాలోని) మరింత నిర్దిష్టమైన రూల్ గాని, వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు వెంటవచ్చిన ఇన్‌లైన్ స్టైల్ (ఆ పాఠానికే నేరుగా అతుక్కున్న స్టైల్) గాని దాన్ని తోసిపుచ్చుతోంది.

పరిష్కారం: అతికించిన పాఠాన్ని తీసేసి, కంట్రోల్, షిఫ్ట్, వి మీటలతో ఫార్మాటింగ్ లేకుండా మళ్లీ అతికించాలి. అడ్డొస్తున్నది థీమ్ రూల్ అయితే సెలెక్టర్‌ను (రూల్ దేనికి వర్తించాలో చెప్పే మొదటి భాగాన్ని) ఇంకొంత నిర్దిష్టంగా రాయాలి. మిగతా రూల్స్‌ను తోసిపుచ్చే ‘ఇంపార్టెంట్’ గుర్తును చివరి అస్త్రంగానే ఉంచుకోవడం మంచిది.

సమస్య: స్టైల్ అంటింది గాని, ‘రాష్ట్ర’, ‘స్త్రీ’ వంటి మాటల్లో వత్తులు తెగిపోతున్నాయి, లేదా కింది వరుస గుడులకు తగులుతున్నాయి.

కారణం: థీమ్‌లు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల కొలతకు తయారైనవి. శీర్షికకు వాటిలో ఉండే 1.1 లేదా 1.2 లైన్-హైట్ (వరుస ఎత్తు), అక్షరం కింద ఒకదానిపై ఒకటిగా వేలాడే వత్తులకు చాలదు. పైగా ఆ పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ ఉంటే బయటికి వచ్చిన భాగం కత్తిరించినట్టు మాయమవుతుంది.

పరిష్కారం: శీర్షికకు లైన్-హైట్‌ను 1.5తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుకోవాలి. పిక్సెళ్లలో కాక వట్టి సంఖ్యగా ఇస్తే, ఫోనులో అక్షరం సైజు మారినప్పుడు వరుసల ఎడమూ దానితోపాటే మారుతుంది. అక్షరాల మందమే ముఖ్యమైతే నోటో సాన్స్ తెలుగు ఫాంటు వాడవచ్చు, దానిలో పలు మందాలున్నాయి. రామభద్ర ఫాంటులో ఉన్నది ఒక్క మందమే కనుక బోల్డ్ అడిగితే బ్రౌజర్ దాన్ని కృత్రిమంగా లావు చేసి అలికేస్తుంది. దానికి ఫాంట్-వెయిట్ 400 ఇవ్వాలి.

సమస్య: డీటీపీ సెంటర్ ఇచ్చిన పాఠం అతికిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

కారణం, పరిష్కారం: అది ‘అను’ వంటి, యూనికోడ్ (అన్ని పరికరాలూ తెలుగును గుర్తించే ప్రామాణిక పద్ధతి) కాని ఫాంటులో టైపు చేసిన పాఠం, దానికి ఏ స్టైలూ పనిచేయదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులనూ వక్తల పేర్లనూ సరిచూసుకున్నాకే ప్రచురించాలి.