నేలపట్టులో ఆఫీసు పక్షుల పోటీ: దిగే ముందు జాగ్రత్తలు

తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఆఫీసువాళ్లు జట్లుగా పక్షి జాతులను గుర్తించే పోటీ ఇది. అన్నిటికన్నా ముందు గూళ్ల సంగతి. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చెరువు నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. మనం దగ్గరికి వెళ్తే తల్లిపక్షి లేస్తుంది. ఆ కాస్త సేపట్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, పిల్లలకు ఎండ తగులుతుంది. అందుకే గట్టు దిగకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు, ఫోన్లో కూతలు వినిపించి పక్షిని పిలవకూడదు. ఇందులో ఏది చేసినా ఆ జట్టు పోటీ నుంచి బయటికే. ఈ నిబంధనను ముందే అందరిచేతా ఒప్పించండి.

బైనాక్యులర్లు (8×42 చాలు, అంటే 8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు కటకం ఉన్నవి) ముందు రోజే సరిచేసుకోండి:
- కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమకంటికి స్పష్టం చేసుకోవాలి.
- తర్వాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం దగ్గరి రింగు మాత్రమే తిప్పాలి.
- కళ్లద్దాలున్నవాళ్లు కళ్లు ఆనించే చోటి రబ్బరు కప్పులు కిందికి దించాలి, లేదంటే అంచులు నల్లగా కనిపిస్తాయి.

జట్టుకు నలుగురు, సమయం ఉదయం 6 నుంచి 9. కనీసం ఇద్దరు చూసిన జాతే లెక్కలోకి వస్తుంది.

గొడవలన్నీ తెల్ల కొంగల దగ్గరే వస్తాయి. నోటి చీలిక గీత కంటి వెనక్కి సాగితే పెద్ద తెల్లకొంగ, కంటి కిందే ఆగితే మధ్యరకం తెల్లకొంగ. దూరం నుంచి తేలకపోతే "తెల్లకొంగ" అని రాసి వదిలేయండి, పాయింటు ఇవ్వొద్దు.

మట్టిరంగు బట్టలు, టోపీ, మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి. పాములుంటాయి కాబట్టి బూట్లు వేసుకోండి.