లేజర్ కాగితం చదువుదాం – 3వ పాఠం: జోన్ పెరిగితే గాయం ఎంత లోతు?

కళ్లజోడు పవరు తగ్గించడానికి కార్నియాను (కంటి ముందుండే పారదర్శక పొరను) లేజర్‌తో చెక్కుతారు. ఆ సెట్టింగులు రాసి ఉండేదే లేజర్ కాగితం. ఎంత లోతు చెక్కుతారన్న కిందటి పాఠం లెక్కకు జవాబు 36 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మైనస్ 3 పవరు, 6 మిల్లీమీటర్ల జోన్ (పవరు సరిచేసే గుండ్రని భాగం వెడల్పు). జోన్‌ను జోన్‌తోనే గుణించి, దాన్ని పవరుతో గుణించి, 3తో భాగించాలి. మునర్లిన్ సూత్రం అంటే ఇదే. మెషీన్లు అంచులు నునుపు చేయడానికి ఇంకొంచెం ఎక్కువే తీస్తాయి కాబట్టి దీన్ని అంచనాగానే వాడండి.

ఇప్పుడు మైనస్ 4 పవరుకు జోన్ ఒక్కటే మార్చి చూడండి. 6 మి.మీ. అయితే 48 మైక్రాన్లు, 7 మి.మీ. అయితే 65. ఒక్క మిల్లీమీటరుకు 17 మైక్రాన్ల తేడా! కాగితం చేతికి రాగానే అందరూ పవరు గడి చూస్తారు. మీరు ముందు జోన్ గడి చూడటం అలవాటు చేసుకోండి. అలాగని జోన్ తగ్గించేస్తే సరిపోదు. రాత్రి కంటిపాప పెద్దదవుతుంది. జోన్ దానికంటే చిన్నదైతే ఎదురుగా వచ్చే బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి.

ఈ లోతుకూ గాయం మానడానికీ సంబంధం పీఆర్‌కే అనే లేజర్ ఆపరేషన్‌లో బాగా తెలుస్తుంది. అందులో సుమారు 50 మైక్రాన్ల పై పొరను తీసేసి, కింది స్ట్రోమా (కార్నియా మందంలో ఎక్కువ భాగమైన పొర) మీద 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌ను నడుపుతారు. పై పొర అంచుల నుంచి మధ్యకు పాకుతూ మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల్లో మూసుకుంటుంది. నాలుగో రోజుకు నాలుగు వైపుల నుంచీ వచ్చిన పొర సరిగ్గా చూపు మధ్యలో కలిసి, సన్నని గట్టులా నిలుస్తుంది. అందుకే రెండో రోజు కంటే నాలుగో రోజు చూపు మసగ్గా ఉందని చాలామంది టెన్షన్ పడతారు. గట్టు సర్దుకునే కొద్దీ ఆ మసక తగ్గుతుంది. అయితే నొప్పి, ఎరుపు పెరిగితే అది వేరే సంగతి. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

అసలు భయపడాల్సింది ఆలస్యంగా వచ్చే హేజ్ (కార్నియాలో మచ్చలాంటి మసక) గురించి. లేజర్ తగిలిన చోట స్ట్రోమా కణాలు కొన్ని చచ్చిపోతాయి. పక్క కణాలు మేల్కొని బాగుచేత మొదలుపెడతాయి. లోతు ఎక్కువైనా, కోసిన తలం గరుకుగా ఉన్నా వాటిలో కొన్ని మయోఫైబ్రోబ్లాస్టులు అనే మచ్చ కట్టే కణాలుగా మారి, పారదర్శకం కాని పదార్థం పోస్తాయి. పై పొరకు అడుగున ఉండే సన్నని పునాది పొర మళ్లీ సరిగా ఏర్పడితే ఈ గోల అణుగుతుంది. అందుకే పవరు ఎక్కువున్నవాళ్లకు లేజర్ అవగానే కణాలు పెరగకుండా ఆపే 0.02 శాతం మైటోమైసిన్ మందును కొద్ది సెకన్ల పాటు పెట్టి కడిగేస్తారు. స్టెరాయిడ్ చుక్కల్ని వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ వెళ్లేదీ, ఎండలో నల్లద్దాలు పెట్టుకోమనేదీ ఇందుకే. నొప్పి పోయిందని చుక్కలు మీ అంతట మీరు ఆపకండి, దయచేసి.

కాగితంలో ఉండని సెట్టింగు ఒకటుంది: తడి. కార్నియా ఆరితే ఒక్కో పల్సుకు ఎక్కువ కణజాలం పోతుంది. పై పొర తీశాక డాక్టరు ఆగకుండా పని కానిచ్చేది అందుకే.

ఇంటి లెక్క: కార్నియా మందం 500 మైక్రాన్లు, లాసిక్ ఆపరేషన్‌లో మూతలా కోసి ఎత్తే ఫ్లాప్ 110, పవరు మైనస్ 5, జోన్ 6.5. ఫ్లాప్ కింద ఎంత మిగులుతుంది? 250 మైక్రాన్లకు తగ్గకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న కనీస హద్దు. జోన్ 7 చేసి మళ్లీ వేయండి. వచ్చే పాఠంలో ఆ ఫ్లాప్ కోసే ఫెమ్టోసెకండ్ లేజర్ శక్తి, లేజర్ పెట్టే చుక్కల మధ్య దూరం చూద్దాం.