పాత సిరా (Syrah) వైన్ బాటిల్ తెరిచారా? "పోయింది" అనేముందు ఇవి చూడండి

ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయ నుంచి వచ్చిన, సిరా అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్, అంటే కోర్నాసో సాన్ జోసెఫో పది పదిహేనేళ్ళు దాచి దాచి, చివరికి తెరిచి, మొదటి గుక్కకే మొహం చిట్లించి "ఇది పోయింది" అని పక్కన పెట్టేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజంగా పోయిన బాటిళ్ళూ ఉంటాయి, కాదనను. కానీ చల్లటి చోట పండిన సిరాకి పులుపు గట్టిగా ఉంటుంది, తియ్యటి పండు రుచి తక్కువ, వాసనలో పొగ, మాంసం, నల్ల ఆలివ్, మిరియాలు. ద్రాక్ష ఒకటే అయినా, ఆస్ట్రేలియా బరోసా షిరాజ్‌కి అలవాటుపడ్డ నాలుకకి ఇవన్నీ లోపాల్లాగే తగులుతాయి. అందుకే ఏది తేడాగా అనిపించినా, అది వయసు వల్ల వచ్చిందా, పుట్టుకతోనే ఉందా, దాచడంలో చెడిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఘాటు తప్ప ఏమీ తెలియట్లేదు

వేడి. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెల రూం టెంపరేచర్‌లో పోస్తే ఏ వైన్ అయినా ఆల్కహాల్ వాసనే కొడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, 16 డిగ్రీల దగ్గర పోయండి. అలాగని మరీ చల్లగా పోస్తే వగరు రెట్టింపు తగిలి, వాసనలు ముడుచుకుపోతాయి.

కుళ్ళిన గుడ్డు, కాలిన రబ్బరు, అగ్గిపుల్ల వాసన

సిరాకి ఇది పాత జబ్బు. తయారీలోనో, తర్వాత సీసాలోనో గాలి అందకపోతే గంధకపు వాసనలు పేరుకుంటాయి. చాలావరకు గ్లాసు తిప్పుతూ ఉంటే ఇరవై నిమిషాల్లో పోతుంది, లేకపోతే డికాంటర్‌లో (వైన్‌కి గాలి తగలడానికి ఒంపుకునే గాజు పాత్ర) గంట. అప్పటికీ పోకపోతే రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, ఒకదాంట్లో శుభ్రంగా తోమిన రాగి ఉద్ధరిణి (పూజగదిలోది కాదు లెండి, కొత్తది) కొన్ని సెకన్లు తిప్పి తీసేసి, రెండూ వాసన చూడండి. రాగి గ్లాసులోది తేటపడితే సమస్య గంధకమే అని ఖాయం. తేటపడలేదంటే వాసన రాగికి లొంగని రకంలోకి మారిపోయి ఉండొచ్చు, దానికి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. ఇది పరీక్ష కోసమే సుమా, వైన్‌ని రాగి పాత్రలో నిలవ ఉంచకండి.

పశువుల కొట్టం, బ్యాండెయిడ్ వాసన

బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ పని. కొంచెం ఉంటే తోలు, పొగ వాసనలతో కలిసిపోయి బాగానే ఉందనేవాళ్ళు ఉన్నారు, పాతకాలపు రోన్ వైన్లలో ఇది మామూలే. నా లెక్క ఒకటే: దాని కింద పండు వాసన ఇంకా దొరుకుతుంటే తాగుతాను, కొట్టం ఒక్కటే మిగిలితే తాగను. గాలి తగిలితే పోయే వాసన కాదిది, కాబట్టి డికాంటర్ మీద ఆశ పెట్టుకోకండి.

తడిసిన అట్టపెట్టె వాసన, పండు రుచి మాయం

కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం. గాలి తగిలేకొద్దీ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, గంధకానికీ దీనికీ తేడా అక్కడే దొరుకుతుంది. మందు లేదు. కొన్నచోట తిరిగి తీసుకుంటారేమో అడగండి.

పల్చగా, పుల్లగా ఉంది. అయిపోయిందా?

అసలు చిక్కంతా ఇక్కడే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. పులుపు వయసుతో పెద్దగా తగ్గదు. తగ్గేది పండు రుచి, మెత్తబడేది వగరు. కాబట్టి పులుపుని బట్టి వయసు చెప్పలేం, దాని చుట్టూ ఏం మిగిలిందో చూడాలి.

ముందు రంగు. గ్లాసుని తెల్లకాగితం మీదకి బాగా వంచి అంచు చూడండి. మధ్యలో ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు ఉంటే పదిహేనేళ్ళ సిరాకి అది ఆరోగ్యమే. మధ్యదాకా టీ డికాషన్ రంగు పాకి, మెరుపు పోయి ఉంటే అనుమానించండి. తర్వాత ఒక గుక్క తీసుకుని నోట్లో పది సెకన్లు ఉంచండి. మొదట్లో పులుపు తగిలినా, నాలుక మధ్యకి వచ్చేసరికి ఎండిన అత్తిపండో, నల్ల ఆలివో, పొగబెట్టిన మాంసమో, తడి ఆకుల వాసనో ఏదో ఒకటి నిండుగా అనిపించాలి. మింగాక ఆ రుచి నిలవాలి, పులుపు ఒక్కటే నిలవకూడదు. మధ్యలో ఖాళీగా ఉండి, చివర పులుపూ ఎండు వగరూ మాత్రమే మిగిలితే పండు ముందే వెళ్ళిపోయిందని అర్థం, అది గాలితో రాదు.

మధ్యలో ఖాళీ లేదు కానీ ఏదో మూసుకున్నట్టుంది అంటే మాత్రం ఆగండి. కొన్ని బాటిళ్ళు మధ్యవయసులో ఇలా బిగుసుకుపోతాయి. పోసిన గ్లాసుని పక్కన పెట్టి గంటసేపు, పావుగంటకోసారి వాసన చూస్తూ ఉండండి. నిండుతూ వస్తుంటే వైన్‌కి ఇంకా ఆయుష్షుంది. ఇరవై నిమిషాలు బాగుండి తర్వాత వాడిపోతే అది అంచున ఉన్నట్టు, వెంటనే తాగేయాలి. అందుకే ఇరవై ఏళ్ళు దాటినదాన్ని తెరవగానే డికాంటర్‌లో గంటలు గంటలు ఉంచేయడం నాకు నచ్చదు. మడ్డి వేరు చేయడానికి చివరి నిమిషంలో నెమ్మదిగా ఒంపితే చాలు.

పంట ఏడాది కూడా చూడండి. 2003లో యూరప్ అంతా వడగాడ్పులు, ఉత్తర రోన్‌లో ఆగస్టులోనే కోతలు. ఆ ఏడాది వైన్ తియ్యగా, మందంగా ఉంటే అది చల్లటి సిరాకి కొలమానం కాదు. 2013 లాంటి, కోతలు ఆలస్యమైన ఏడాదిది మొదటినుంచీ పుల్లగానే ఉంటుంది, దాన్ని వయసు మీద తోసేయకండి.

ఉడకబెట్టిన పండు వాసన, కార్క్ పైకి తన్నుకొచ్చింది

వేసవి మొత్తం అలమరాలో గడిపిన బాటిల్ ఇది. కార్క్ పక్కల నుంచి పైదాకా వైన్ జారిన చార కూడా కనిపిస్తుంది. అప్పుడు ఇటుక రంగు వచ్చినా అది పరిపక్వత కాదు, వేడి తొందరపెట్టింది. బాగుచేయలేం, మాంసం వండడానికి వాడుకోవచ్చు. ఇకముందు 12 నుంచి 14 డిగ్రీల దగ్గర, చీకట్లో, పడుకోబెట్టి ఉంచాలి. అంత సదుపాయం లేకపోతే కొన్ని నెలల వరకు మామూలు ఫ్రిజ్ అయినా అలమరా కంటే నయం.

అందరూ మిరియాలు అంటున్నారు, నాకేం రావట్లేదు

టెన్షన్ పడకండి. ఆ వాసన రోటండోన్ అనే పదార్థానిది, మన మిరియాల్లో ఉండేదీ అదే. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని ప్రకటించినప్పుడే, దాదాపు ఐదుగురిలో ఒకరికి అది అసలు తెలియదని కూడా తేల్చారు. వచ్చినా రాకపోయినా వైన్ వయసుతో ముడిపెట్టకండి, సీసాలో అది ఏళ్ళ తరబడి నిలిచే సరుకు.

అడుగున గరగర, నోట్లో చేదు

మడ్డి. వగరూ రంగూ పదార్థాలు ఏళ్ళమీద కలిసి బరువై కిందికి దిగుతాయి, ఇది మంచి సంకేతమే. బాటిల్‌ని ముందు రోజే నిలబెట్టి, ఒంపేటప్పుడు మెడ కింద టార్చ్ పెట్టుకుని, నల్లటి తీగ కనబడగానే ఆపేయండి.

వగరు ఇంకా గట్టిగా ఉంది, మిగతా బాటిళ్ళ సంగతేంటి?

పండు నిండుగా ఉండి వగరు గట్టిగా ఉంటే మిగతావి రెండు మూడేళ్ళు ముట్టుకోకండి. పండు సన్నబడి వగరు అలాగే ఉంటే ఇంకా దాచడం దండగ, ఈ ఏడాదే కొవ్వున్న మటన్‌తో తెరిచేయండి. కొవ్వు, మాంసం వగరుని తగ్గిస్తాయి. గుంటూరు కారం మాత్రం వద్దు, కారానికి వగరూ ఘాటూ రెండూ లేచి కూర్చుంటాయి. మిరియాల వేపుడైతే సరిగ్గా సరిపోతుంది.