గుద్దుకున్నాక మొదటి పది నిమిషాలు

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాను. ఒక రాత్రి సూర్యాపేట దాటాక ఓ డీసీఎం వ్యాన్ వెనక నుంచి గుద్దింది. దిగీ దిగగానే ఆ డ్రైవర్‌తో గొడవ పెట్టుకున్నాను. నడిరోడ్డు మీద, చీకట్లో! వెనక వచ్చే బస్సుకు మనమెక్కడ కనబడతాం?

ముందు ఇంజిన్ ఆపి హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మెరిసేవి) వేయండి. లోపలివాళ్లను రోడ్డు పక్కకు, వీలైతే రెయిలింగ్ అవతలికి పంపండి. డిక్కీలోని ఎర్ర త్రికోణాన్ని ఓ యాభై అంగలు వెనక్కి వెళ్లి పెట్టండి.

అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112, నేషనల్ హైవే అయితే 1033. ఎక్కడున్నారో తెలియకపోతే కిలోమీటరు రాయి చూసి చెప్పండి. మెడ నొప్పి అంటున్నవాళ్లను లాగి కూర్చోబెట్టకండి, బండికి నిప్పంటుకుంటే తప్ప. మంచినీళ్లూ తాగించొద్దు. మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే!

బండి కదపకముందే ఫొటోలు తీయండి: రెండు నంబర్ ప్లేట్లు, టైరు గుర్తులు, అవతలివాళ్ల లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితం.

"ఐదు వేలిస్తా, వదిలెయ్ అన్నా" అన్నాడా డ్రైవర్. తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టాను. తీరా డిక్కీ తలుపుకే పద్దెనిమిది వేలైంది, క్లెయిమూ పోయింది.

ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రికి చేర్చే బాధ్యత డ్రైవర్‌దే. జనం మీద పడేలా ఉంటే నేరుగా దగ్గరి స్టేషన్‌కు వెళ్లండి. ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ రోజే ఫోన్ చేయండి. నష్టం లెక్కగట్టే వాళ్ల సర్వేయర్ చూసేదాకా మెకానిక్‌ను బండి మీద చెయ్యి వేయనివ్వకండి.