దుబాయ్‌లో నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ కొనేటప్పుడు
దుబాయ్‌లో ఇంకా కట్టని ఫ్లాట్‌ను బ్రోషర్ చూసి కొనేవారు మొట్టమొదట అడగవలసింది ధర కాదు, డబ్బు ఏ ఖాతాలోకి వెళుతుందన్నది. 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనుగోలుదారుల వాయిదాలు ఆ ప్రాజెక్టు పేరిట తెరిచిన ఎస్క్రో ఖాతాలోనే (బిల్డరు తన ఇష్టప్రకారం వాడుకోలేని, ఆ ప్రాజెక్టుకే కేటాయించిన బ్యాంకు ఖాతా) జమ కావాలి కనుక, చెక్కు మీద ఏజెంటు పేరు రాయమంటే అక్కడితో ఆగిపోవాలి. ఏజెంటు లైసెన్సును, ప్రాజెక్టు వివరాలను దుబాయ్ భూమి శాఖ వారి ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో స్వయంగా సరిచూసుకోవచ్చు. ఇలాంటి అమ్మకాల్లో ఏజెంటుకు కమీషన్ సాధారణంగా బిల్డరే ఇస్తాడు. కాబట్టి అతని సలహాను, ఎంత మనవాడైనా, ఎంత చక్కటి తెలుగు మాట్లాడినా, అమ్మేవాడి మాటగానే వినాలి. భూమి శాఖ ఫ్లాట్ ధర మీద వసూలు చేసే 4 శాతం రుసుమును ముందే లెక్కలో కలుపుకోవాలి. ఇండియా నుంచి డబ్బు పంపేవారు, రిజర్వు బ్యాంకు పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లని గుర్తుంచుకుని, సంతకానికి ముందే వాయిదాల పట్టికను దానితో పోల్చి చూసుకోవాలి.